పట్టా విరిగిన రోజు

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నో, అత్తమామల్నో ఈ చలికాలం రైల్లో తిప్పాలనుకుంటున్నారా? తప్పకుండా తిప్పండి. కాకపోతే మా మాంట్రియల్ ప్రయాణం సంగతి విన్నాక చేతిసంచీ సర్దుకోండి.

టొరంటో నుంచి మాంట్రియల్‌కి రైలుదారి 539 కిలోమీటర్లు. అన్నీ బాగుంటే ఐదు గంటల పైచిలుకు ప్రయాణం. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే సెలవు కలిసొచ్చిందని శనివారం పొద్దున్నే మావారు, పాప, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్య, నేను బయల్దేరాం. కోబర్గ్ దగ్గర ఒడ్డంతా గడ్డకట్టిన ఒంటారియో సరస్సు చూసి అత్తయ్య, "గోదారి ఇలా గడ్డకడితే మన పుష్కరాలేం గానే అమ్మాయ్!" అన్నారు. ఒకటే నవ్వు.

కింగ్‌స్టన్ దాటాక రైలు ఆగింది. ముందు ఎక్కడో పట్టా విరిగిందని చెప్పారు. బయట మైనస్ 22. ఉక్కు చలికి కుంచించుకుపోతుంది. స్వేచ్ఛగా వదిలేస్తే, వేసవిలో 30 డిగ్రీల దగ్గరున్న కిలోమీటరు పట్టా మైనస్ 20కి వచ్చేసరికి దాదాపు 60 సెంటీమీటర్లు తగ్గాలి. కానీ అతికించి, గట్టిగా బిగించిన పట్టా తగ్గలేదు. ఆ లాగుడంతా లోపలే ఉండిపోయి, బలహీనమైన చోట పుటుక్కుమంటుంది.

మన వైపు రైలు ఆగితే జామకాయలు, పల్లీలు, టీ కిటికీ దగ్గరికే వస్తాయి. ఇక్కడ తలుపులు తీయరు, దిగనివ్వరు. రెండు గంటలయ్యేసరికి రైల్లో అమ్మే తిండి కూడా అయిపోయింది.

మధ్యాహ్నం భోజనం మాంట్రియల్‌లోనే అనుకుని అత్తయ్య పొద్దున టిఫిన్‌తో షుగర్ మాత్ర వేసుకున్నారు. ఆవిడ వేసుకునేది గ్లిమిపిరైడ్. అది వేసుకున్నవాళ్లకి భోజనం ఆలస్యమైతే షుగర్ బాగా పడిపోవచ్చు. మూడో గంటలో ఆవిడ మాట్లాడడం మానేశారు. నుదుటి మీద చెమట, చేతుల్లో వణుకు. మిషన్ పెట్టి చూస్తే 62.

వెనక సీట్లో ఒక నర్సు ఉన్నారు. "అరవై రెండు" అనగానే ఆవిడ తెల్లబోయారు. మన మిషన్ మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది, కెనడాలో మిల్లీమోల్స్‌లో చెప్పుకుంటారు. వాళ్ల లెక్కలో 62 అంటే ఊహకందని ఎక్కువ. గబగబా 18తో భాగించి "3.4" అన్నాను. ఇక్కడ 4 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. వెంటనే పాప జ్యూస్ డబ్బా తాగించమన్నారు. చపాతీ అప్పుడు పనికిరాదు, నెమ్మదిగా అరుగుతుంది. త్వరగా ఒంటబట్టే చక్కెర 15 గ్రాములు ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. రెండోసారి 84 వచ్చింది. అప్పుడు పులిహోర డబ్బా తీశాను. "ఇప్పుడు తింటానే," అని అత్తయ్య అన్నాక గానీ మావారి మొహంలో రంగు రాలేదు.

రైలు నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది. మర్నాడు నోత్రదామ్ చర్చి నీలం పైకప్పు కింద అత్తయ్య చాలాసేపు కూర్చున్నారు.

మీరు వెళ్లేటప్పుడు పెద్దవాళ్ల మందులు, షుగర్ మిషన్ పెట్టెలో కాకుండా చేతిసంచీలోనే పెట్టండి. రెండు జ్యూస్ డబ్బాలు, ఒక పూటకి సరిపడా తిండి ఉంచండి. మందుల పేర్లతో పాటు "18తో భాగించాలి" అని ఒక కాగితం మీద రాసి వాళ్ల పర్సులో పెట్టండి. మీరు పక్కన లేకపోయినా ఆ కాగితం ఇక్కడివాళ్లకి అర్థమవుతుంది.