జో నుంచి లల్లబై దాకా

కిందటేడు అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు మనవణ్ణి పడుకోబెట్టే పని నాదే. అప్పుడే ఇంగ్లీషువాళ్ల నిద్రమాటల మీద ధ్యాస పడింది. కూర్చోండి, చెప్తాను.

మనం ఊపి నిద్రపుచ్చుతాం, పాడి నిద్రపుచ్చుతాం, జోకొట్టి నిద్రపుచ్చుతాం. ఏం చేసినా చివర 'నిద్రపుచ్చడం' ఉండాల్సిందే. ఇంగ్లీషులో మనం చేసే పనే అసలు క్రియ, నిద్ర దాని వెనక వస్తుంది. ఊపితే 'రాక్ టు స్లీప్', పాడితే 'సింగ్ టు స్లీప్', వీపు తడితే 'ప్యాట్ టు స్లీప్'. దుప్పటి అంచులు పరుపు కిందికి దోపి వెచ్చగా పడుకోబెడితే 'టక్ ఇన్'. చలిదేశపు ముద్దు అది. ఆరుబయట మంచాలేసుకుని పెరిగిన మనకు దానికి ఒక్కమాట ఎక్కడుంటుంది చెప్పండి!

అన్నిట్లోకీ నాకు నచ్చింది 'లల్'. బిడ్డను ఊరడిస్తూ తల్లి చేసే 'లు లు' అనే సద్దులోంచి పుట్టిన మాట. 'లల్లబై' దాని సంతానమే. మన జోకొట్టడంలోనూ 'జో' అనే అమ్మ గొంతే కదా వినిపిస్తుంది!

ఆపరేషనుకు ముందు మత్తిస్తే 'పుట్ అండర్' అంటారు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ అందరి ముందూ రోగికి ఈథర్ పీల్పించి చూపించాక, కోతంటే ప్రాణాలు అరచేత పెట్టుకున్న మనుషులకు ఆ నిద్ర వరమైంది. ఉపన్యాసం విసుగెత్తించి కునుకు తెప్పిస్తే 'సెండ్ టు స్లీప్'.

ఇక 'పుట్ టు స్లీప్' దగ్గర మాత్రం జాగ్రత్త. పసివాడి విషయంలో అది పడుకోబెట్టడమే. ఒకరోజు పక్కింటి పెద్దావిడ తన ముసలి కుక్క గురించి ఆ మాటే అంది. "మంచిదమ్మా, హాయిగా పడుకోనివ్వండి" అన్నాను. ఆవిడ కళ్లనిండా నీళ్లు. నయంకాని జబ్బుతో బాధపడుతున్న దాన్ని పశువుల డాక్టరు సూదిమందిచ్చి నొప్పి తెలియకుండా సాగనంపాడని అమ్మాయి చెబితే నా గుండె కలుక్కుమంది. వెంటనే వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అందుకే పిల్లలకు ఈ మాటలు నేర్పేటప్పుడు అర్థం ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఎవరు, ఎవర్ని, ఎందుకు నిద్రపుచ్చుతున్నారో కూడా చెప్పండి. ఆ రాత్రి మనవడు "ప్యాట్ మీ, అమ్మమ్మా" అన్నాడు. వీపు మీద చెయ్యి వేసి మెల్లగా 'జో' అన్నాను. మర్నాటి నుంచి వాడే "అమ్మమ్మా, జోకొట్టు" అనడం మొదలుపెట్టాడు.