పాలేరు నుంచి ఋషికొండ దాకా

సముద్రమంటే నాకు చిన్నప్పుడు పాలేరు జలాశయమే. మోతె నుంచి ఖమ్మం పోయే బస్సు నాయకన్‌గూడెం చేరగానే కిటికీలోంచి ఆ నీళ్ళు చూసి “ఇదేనా నాయినా సముద్రం?” అని అడిగేవాణ్ణట. “సముద్రం దీని అయ్య, బిడ్డా!” అనేవాడు మా నాయిన. నిజానికి ఆయన కూడా సముద్రం చూసినవాడు కాదు. బావులు తవ్వడం ఆయన పని.

ఇది విహారయాత్ర గురించిన వ్యాసమే. అయినా ముందుగా ఒక మాట చెప్పక తప్పదు. నాకు తొమ్మిదేండ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, మా చేను పక్కనున్న మోటబావిలో నా జతగాడు మునిగిపోయాడు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాం. పాచి పట్టిన మెట్టు. అంతే. ఆనాటి నుంచి మోకాలు దాటిన నీళ్ళలో నేను దిగలేదు. దిగనని నాయినకు ఒట్టు కూడా వేశాను.

గత జనవరిలో మా తరగతి వాళ్ళమంతా ఎక్స్‌కర్షన్‌కు విశాఖపట్నం బయలుదేరాం. ఖమ్మంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అర్ధరాత్రి దాటాక రాజమండ్రి వంతెన మీద మిత్రులందరూ లేచి గోదావరిలో రూపాయి బిళ్ళలు వేస్తుంటే, నేను మాత్రం దుప్పటి ముసుగు తీయలేదు!

మొదటిరోజు రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలిపిన ‘కుర్సుర’ జలాంతర్గామి చూశాం. 1969లో మన నౌకాదళంలో చేరి, 31 ఏండ్లు సేవచేసి, 2001లో విరమించుకున్నది. 2002 నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగవలసిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరాలి. “నీళ్ళ కింద ఇంత ఇరుకులో మనుషులకు నిద్ర ఎట్లా పట్టేదండీ?” అని మా లెక్చరర్ గారు అడిగారు. “అలవాటండీ. అలవాటు కాకముందు శిక్షణ” అన్నాడు చూపించే పెద్దాయన. ఆ మాట నాకోసమే అన్నట్టనిపించింది.

మధ్యాహ్నం భీమిలి రోడ్డులోని తొట్లకొండ ఎక్కాం. అది సుమారు రెండువేల ఏండ్ల నాటి బౌద్ధారామం. మన ఫణిగిరి చూసినవాళ్ళం కనుక స్తూపం, విహారం మాకు కొత్త కాదు. కొత్తగా తోచినవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. ఆ తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. ఎదురుగా కంటికి ఆనినంత దూరం నీళ్ళే, కానీ గొంతు తడుపుకోవడానికి గుక్కెడు పనికిరావు. అందుకే ఆ భిక్షువులు వాననీటిని కొండమీదే పట్టి దాచుకున్నారు. మా నాయిన ఉంటే సముద్రాన్ని వదిలిపెట్టి ఆ ఉలి దెబ్బలే తడిమి చూసేవాడు.

రెండోరోజు ఋషికొండ. అక్కడ ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టి నీళ్ళ మీద బోర్లా తేలుతూ అడుగును చూపిస్తారు. స్నార్కెలింగ్ అంటారు. నాకు తలనొప్పి అని చెప్పి ఇసుకలో కూలబడ్డాను. నేర్పించే కుర్రాడు జాలరిపేట వాడు. నన్ను చూసి నవ్వి, “ఏటి గురూ, తలనొప్పా, భయమా?” అన్నాడు. నిజం చెప్పేశాను. అతను నవ్వడం మానేశాడు. లైఫ్ జాకెట్ తొడిగి, నడుములోతు నీళ్ళలో నిలబెట్టి, చెయ్యి వదలకుండా నోటితో ఊపిరి తీయడం నేర్పాడు. పదిసార్లు ముఖం ముంచాను, పదిసార్లు ఎత్తాను. పదకొండోసారి ఎత్తలేదు.

నీళ్ళు సినిమాల్లోలాగ నీలంగా లేవు, కొంచెం మసకే. అయినా రాళ్ళు కనిపించాయి, నాచు కనిపించింది. వేలెడంత చారల చేపలు నన్ను లెక్కచేయకుండా పోయాయి. నా ఊపిరి నాకే వినిపించింది. ఇన్నేండ్లు నా కలల్లోకి వచ్చిన బావికి అడుగు ఉండేది కాదు. ఇక్కడ అడుగు కనిపించింది.

ఆ సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్, రాత్రి వంజరం వేపుడు, చేపల పులుసు. అంత ఆకలి నాకెప్పుడూ కాలేదు. తిన్నాక ఇంటికి ఫోన్ చేశాను.

“సముద్రం జూసినవా బిడ్డా? పాలేరంత ఉన్నదా?”

“పాలేరుకు అయ్యే, నాయినా.”

నవ్వాడు. “అండ్ల దిగినవా?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. “దిగిన. ఒట్టు తప్పిన” అన్నాను.

చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను. “ఆ పొద్దు పోరణ్ణి బాయిలకెల్లి తీసింది నేనే. ఈత నేర్పాల్సినోన్ని, నీతోని ఒట్టు ఏపిచ్చుకున్న. తప్పు నాది. ఎండాకాలం రా” అన్నాడు.

వెళ్ళాను. అదే బావి. నడుముకు మూతలు బిగించిన ఖాళీ నూనె డబ్బాలు కట్టుకొని, ఇరవయ్యేండ్లవాణ్ణి, పిల్లల వరుసలో నిలబడ్డాను. ఆ వరుసలో నా జతగాడి తమ్ముడు కూడా ఉన్నాడు. గట్టు మీద మోకు పట్టుకొని మా నాయిన. వాడు నాలుగు రోజుల్లో డబ్బాలు విప్పేశాడు. నాకు పదిహేను రోజులు పట్టింది. పిల్లలు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది!

ఇప్పుడు బావి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదగలను. సముద్రం సంగతి తర్వాత. వచ్చే జనవరిలో నాయినను విశాఖ తీసుకుపోవాలి. తొట్లకొండ మీద నిలబడి ఆయన ఏమంటాడో వినాలని ఉంది.