న్యూట్రల్‌లో దిగొద్దన్నా

పొద్దున ఆరింటికి మదనపల్లె టమోటా మార్కెట్ బయట నిలబడితే పికప్ బండి ఈ సీమకు ఎంత ముఖ్యమో తెలిసిపోతుంది. బొలెరో పికప్‌లు, దోస్త్‌లు, టాటా ఏస్‌లు క్రేట్లు ఎత్తుకుని ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. డ్రైవర్ల అరుపుల్లో తెలుగు, కన్నడం, తమిళం కలిసిపోయి వినిపిస్తాయి. ఆ బండ్లన్నిటికీ గేరు రాడ్డే. నేను చూడటానికి వచ్చిన బండి మాత్రం అక్కడికి కొంచెం దూరంలో, ఒక రేకుల షెడ్డులో ర్యాంపు మీద ఉంది.

అది ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్. 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైనప్పుడు ఆ ఊరు చిత్తూరు జిల్లాలోనే ఉండేది, కాబట్టి ఈ బండి ఇక్కడివాళ్లకు పరాయిది కాదు. 2019లో దీనికి ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. యజమాని పుంగనూరు దగ్గర పాడి రైతు. పుంగనూరు పొట్టి ఆవులను పెంచుతాడు. వాటిని ఊళ్లు తిప్పడానికి బండి వెనక రెండు చక్రాల ట్రైలర్ తగిలించుకున్నాడు. మే నెలలో చిత్తూరు నుంచి తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుండగా లారీల వెనక చిక్కుకున్నాడట. డాష్‌బోర్డు మీద ఆయిల్ వేడి హెచ్చరిక వెలిగింది. ఆ తర్వాత గేరు మారినప్పుడల్లా బండి ఒక్క కుదుపు కుదిపేది.

షెడ్డు మేస్త్రి గేరుబాక్సు కింద ట్రే పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాడు. దానిమ్మ రసంలా ఎర్రగా రావాల్సిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా దిగింది. వేలికి రాసుకుని నా ముక్కు దగ్గర పెట్టాడు. కాలిన వాసన. బోల్టుకుండే అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంది.

"ఇది ఉంటాది సార్, భయం లేదు. చేతికి గుచ్చుకునే ఇనప ముక్కలు వచ్చుంటే బాక్సు విప్పాల్సిందే. అన్నకు అదృష్టం ఉండాది" అన్నాడు.

ఎందుకు కాలిందని అడిగితే గోడకున్న రెండు టేబుల్ ఫ్యాన్లు దించి ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్ని ఆన్ చేశాడు. రెండోది దానంతటదే మెల్లగా తిరగసాగింది. టార్క్ కన్వర్టర్ ఇదే. గాలి బదులు ఆయిల్. ఇంజన్ ఒక రెక్కను తిప్పితే ఆయిల్ తోపుడికి రెండో రెక్క తిరుగుతుంది. రెండింటి వేగానికీ తేడా ఉన్నంతసేపూ ఆ తేడా వేడిగా మారుతుంది. రోడ్డు మీద సాఫీగా పోతుంటే లోపలి లాకప్ క్లచ్ రెండింటినీ బిగించేస్తుంది, వేడి తగ్గుతుంది. బరువు లాగుతూ, నడక వేగంతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆ బిగింపు పడదు. మామూలుగా 80, 90 డిగ్రీల్లో ఉండాల్సిన ఆయిల్ 120 దాటిందంటే చెడిపోవడం మొదలైనట్టే. అక్కడి నుంచి ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ పనివాళ్లలో పాత లెక్క ఒకటుంది.

మేస్త్రికి అసలు కోపం మాత్రం ఘాట్ ఎక్కడం మీద కాదు, దిగడం మీద. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేయడం మా ప్రాంతంలో తాతల నాటి అలవాటు. యజమాని కూడా అంతే. "న్యూట్రల్‌లో దిగొద్దన్నా, నీకు దండం పెడతా" అన్నాడు మేస్త్రి, నిజంగానే చేతులు జోడించి. ఇంజన్ ఐడిల్‌లో ఉంటే ఆయిల్ పంపు నెమ్మదిస్తుంది. చక్రాలు మాత్రం బాక్సు లోపలి భాగాలను జోరుగా తిప్పుతూనే ఉంటాయి. ఇంజన్ పట్టు లేక బ్రేకులు కాలిపోతాయి. మళ్లీ డి లోకి వేసినప్పుడు దెబ్బంతా క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది. దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో మూడో గేరో పట్టుకుని దిగాలి.

నా చేయి కూడా ముప్పై ఏళ్లు గేరు రాడ్డు పట్టిందే. బ్యాటరీ దిగితే నలుగురితో తోయించి స్టార్ట్ చేసిన రోజులు లెక్కలేనన్ని. ఈ బండి అలా స్టార్ట్ కాదు. ఇంజన్ తిరిగితేనే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితేనే లోపలి క్లచ్‌లు పట్టుకుంటాయి. చెడిపోతే తాడు కట్టి లాక్కుపోవడమూ కుదరదు, నూనె అందక లోపల అరిగిపోతుంది. నాలుగు చక్రాలూ పైకెత్తుకునే బండి రావాల్సిందే. మనం గొప్పగా చెప్పుకునే డ్రైవింగ్ తెలివితేటల్లో సగం ఇక్కడ చేటు చేస్తాయని ఆ షెడ్డులో నిలబడ్డప్పుడు గట్టిగా అనిపించింది.

డ్రెయిన్ చేస్తే పాత ఆయిల్ అంతా రాదు, చాలావరకు కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే కొన్ని రోజుల తేడాతో మూడుసార్లు మార్చాడు. మిషన్ పెట్టి ఒక్కదెబ్బకు కడిగేయమని యజమాని అడిగాడట, ఇతను ఒప్పుకోలేదు. డిప్‌స్టిక్ లేని బాక్సు. స్కానర్‌లో వేడి చూసుకుంటూ, ఇంజన్ నడుస్తుండగా, లెవెల్ బోల్టు నుంచి సన్న ధార కారేదాకా ఆగి బిగించాడు. రేడియేటర్ ముందు అదనపు ఆయిల్ కూలర్ అప్పటికే బిగించి ఉంది.

ట్రైలర్ కొక్కెం సంగతి చివర్లో ఎత్తాడు. పాత కొక్కెం బంపర్‌కు వెల్డింగ్ చేసినది. దాన్ని కోసేసి ఛాసిస్‌కు బోల్టులతో బిగించే హిచ్ పెట్టారు. విదేశాల్లో ఇదే డి-మ్యాక్స్ కుటుంబపు బండ్లకు సొంత బ్రేకులున్న ట్రైలర్ అయితే 3,500 కిలోల దాకా లాగొచ్చంటారు, బ్రేకుల్లేకపోతే 750. మనం చూసుకోవాల్సింది మన బండితో ఇచ్చిన పుస్తకంలోని అంకెనే. అయినా ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. బండికి లాగే సత్తువ ఉన్నా, వెనక బరువును ఆపేదెవరన్నదే అసలు ప్రశ్న. ఈ ట్రైలర్ 450 కిలోలు. పుంగనూరు ఆవు ఒక్కోటి 115 నుంచి 200 కిలోలు. మూడు ఆవులు ఎక్కితే 900 దగ్గరికి వస్తుంది. బ్రేకులు పెట్టించక తప్పదు.

ఆ పని కుప్పంలో. గ్రానైట్ ఊరు, బరువులు తెలిసిన వెల్డర్లున్నారు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఒకే 42వ నంబరు జాతీయ రహదారి మీదున్నాయి. పుంగనూరులో ట్రైలర్ తగిలించుకున్నాం, ఆవుల్లేకుండా. హిచ్ కింద గొలుసులు కత్తెరలా వేశాడు యజమాని. నన్ను వెనక నిలబెట్టి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చెప్పమన్నాడు. ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ కావాలి, ఆ కాగితాలు సీటు వెనక సంచిలో ఉన్నాయి.

కుప్పంలో వెల్డరు ట్రైలర్ ముక్కును కాటా మీద పెట్టాడు. నిండు బరువులో పదో వంతు ముక్కు మీద పడాలి. అంతకంటే తక్కువైతే వెనక తోక ఊగినట్టు ఊగి బండినే తిప్పేస్తుంది. ఆవుల బదులు మూడు చోట్ల సిమెంటు మూటలు పేర్చి 900 కిలోలు చేశారు. కాటా 60 చూపించింది. ముందు మూటలను జానెడు ముందుకు జరిపించాడు. 75. మళ్లీ జరిపించాడు. 90 వచ్చాక, ఆవులు అంతకంటే వెనక్కి జరగకుండా అడ్డుకడ్డీ ఎక్కడ రావాలో సుద్దముక్కతో గీత గీశాడు.

బ్రేకులు బిగించేసరికి సాయంత్రమైంది. మూటలు దించకుండానే వి.కోట వైపు తిరిగాం. ఎత్తు వచ్చినప్పుడల్లా యజమాని కన్ను ఆయిల్ వేడి చూపే స్కానర్ మీదే. ఒక దిగుడు దగ్గర అతని చేయి అలవాటుగా ఎన్ మీదికి పోయింది. ఆగింది. లివర్‌ను పక్కకు లాగి మూడో గేరు వేశాడు.

అప్పుడే మేస్త్రి ఫోన్. స్పీకర్ ఆన్ చేశాడు.

"ఎంత చూపిస్తాండాది అన్నా?"

"తొంభై ఒకటి."

"దిగేటప్పుడు?"

"మూడులోనే ఉండా."