తుప్పు దాచని బేరము

ఒహాయోలో మా అబ్బాయి పొరుగున ఉన్న పెద్దాయన, వైద్యపు ఖర్చులకై తన 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్‌ను అమ్మజూపినాడు. 1964 ఏప్రిల్ 17న లోకమునకు పరిచయమైన వంశమది.

అచ్చట శీతకాలమున మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు ఇనుమును తినివేయును. స్థిరమైన పైకప్పు లేని బండికి బలమంతయు అడుగు రేకులలోను, తలుపుల దిగువ ఉక్కు అంచులలోను ఉండును. కనుక అచ్చటి తుప్పు స్వల్పమైనను ఉపేక్షింపరాదు.

ఆయన దానిపై రంగు పూయలేదు. కొనవచ్చిన కుర్రవాని చేతికి టార్చిలైటిచ్చి, తుప్పుపట్టిన చోటులన్నియు తానే చూపించినాడు. ధర తగ్గినది, బేరము కుదిరినది.

మిత్రులారా! 35 ఏండ్లు బడిలో సత్యవాక్పాలనను గూర్చి పాఠములు చెప్పితిని. ఇంతటి చక్కని ఉదాహరణము ఏ వాచకములోను నాకు తారసపడలేదు.