చేదు నారింజ... కమ్మని ఉదయం!

జనవరి మొదట్లో స్కాట్లాండ్‌లోని డండీ పట్నంలో పొద్దున ఎనిమిదిన్నర దాటితేగానీ సూర్యుడు కనిపించడు. టే నది మీంచి వచ్చే గాలికి చేతులు కొంకర్లు పోతుంటాయి. అలాంటి రోజుల్లో ఏ వంటింట్లోంచయినా ఉడుకుతున్న నారింజ తొక్కల వాసన వస్తోందంటే, ఆ ఇంట్లో మార్మలేడ్ చేస్తున్నారన్నమాట. మన దగ్గర ఎండాకాలంలో ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకున్నట్టే, అక్కడ చలికాలంలో జాడీలు నింపుకుంటారు.

విచిత్రమేమిటంటే డండీలో నారింజ కాయదు. పండు రావాల్సింది స్పెయిన్‌లోని సెవిల్ నుంచి. ఆ ఊరి వీధుల వెంట వేల చెట్లు బంగారు రంగు కాయలతో విరగకాసి ఉంటాయి. కానీ కోసి నోట్లో పెట్టుకుంటే కటిక చేదు! అందుకే ఒలుచుకు తినేవాళ్లుండరు. చుట్టుపక్కల తోటల పండు చాలామటుకు బ్రిటన్‌కే వెళుతుంది. దొరికేది జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే. దాని స్పానిష్ పేరు వింటే మనకి చుట్టం పలకరించినట్టుంటుంది... ‘నరాన్హా’. మన నారింజే! సంస్కృత ‘నారంగ’ పారశీకం, అరబ్బీల మీదుగా స్పెయిన్ చేరింది. చెట్టును అక్కడ నాటిందీ అరబ్బులే.

తుపాను తెచ్చిన కథ

డండీలో ఓ కథ చెబుతారు. తుపానుకు భయపడి రేవులో ఆగిన ఓడ నుంచి కీలర్ అనే వ్యాపారి నారింజలు చవగ్గా కొన్నాడట. తీరా చూస్తే చేదు. పారేయడం ఇష్టంలేక జానెట్ కీలర్ వాటిని పంచదారలో ఉడికించిందట. అలా పుట్టింది మార్మలేడ్ అని.

కథ బాగుంది గానీ చరిత్రకారులు ఒప్పుకోరు. ఇంగ్లండ్‌లో 1677 నాటికే నారింజ మార్మలేడ్ చేసే విధానం రాసిపెట్టి ఉంది. ఆ పేరు కూడా ‘మార్మెలో’ అనే మరో పండుకి పోర్చుగీసువాళ్లు పెట్టుకున్న పేరులోంచి వచ్చిందే. 1797లో వ్యాపారం మొదలుపెట్టి, తెల్లటి పింగాణీ జాడీల్లో దాన్ని దేశదేశాలకు పంపిన ఘనత మాత్రం కీలర్ కుటుంబానిదే. జనపనార, జామ్, పత్రికలు... డండీ పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఈ మూడే. ఇప్పుడక్కడ జనపనార మిల్లులూ లేవు, కీలర్ ఫ్యాక్టరీ కూడా లేదు. ఆ విద్య మళ్లీ వంటింటికే చేరింది.

గింజలే బలం

తొక్కను సన్నగా తరిగి, రసంతో పాటు నీళ్లలో ఉడికిస్తారు. గింజల్నీ తొక్కలోపలి తెల్లటి పొరనీ పారేయరు. పల్చటి గుడ్డలో మూటకట్టి అందులోనే వేస్తారు. చిక్కదనాన్నిచ్చే పెక్టిన్ ఉండేది వాటిలోనే. తొక్క మెత్తబడ్డాకే పంచదార వేయాలి, ముందే వేస్తే తొక్క గట్టిపడిపోతుంది. చల్లటి సాసర్ మీద చుక్క వేసి వేలితో నెడితే ముడత పడాలి. అప్పుడే పాకం కుదిరినట్టు.

దీన్ని పొద్దుటిపూట రొట్టెతో తినే అలవాటును స్థిరపరచిందీ స్కాట్లాండ్ వాళ్లే. అక్కడి పంట ఓట్స్. మార్మలేడ్‌లోని తీపి, చేదులకు ముడిధాన్యం రుచి బాగా జతకుదురుతుంది. అమెరికా నుంచి వచ్చిన మఫిన్‌లో ఈ రెండూ ఒక్కచోట చేరతాయి.

కప్పు ఓట్స్‌ను కప్పు చిక్కటి మజ్జిగలో అరగంట నానబెట్టాలి. అందులో ఒక గుడ్డు, పావుకప్పు కరిగించిన వెన్న, పావుకప్పు పంచదార, అరకప్పు మార్మలేడ్ కలపాలి. వేరే గిన్నెలో కప్పు గోధుమపిండి, చెంచా బేకింగ్ పౌడర్, అరచెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి, ఇందులో వేయాలి. పొడిపిండి కనబడకుండా పోతే చాలు, గరిటె ఆపేయాలి. ఎక్కువ కలిపితే మఫిన్లు బిరుసెక్కుతాయి. మజ్జిగ పులుపు తగిలి సోడా వెంటనే పొంగుతుంది కాబట్టి ఆలస్యం చేయకుండా, వెన్న రాసిన కప్పుల్లో ముప్పావు వంతు నింపి, ముందే వేడిచేసిన ఒవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచాలి. పది పన్నెండు వస్తాయి.

సెవిల్ పండు దొరకని మన ఊళ్లలో తియ్య నారింజకు రెండు నిమ్మకాయలు జోడించి మార్మలేడ్ చేసుకోవచ్చు. చేదు కాస్త తగ్గుతుందంతే. కానీ డండీవాళ్లను అడిగితే, ఆ కాస్త చేదు కోసమే కదా ఏడాదంతా ఎదురుచూసేది అంటారేమో!