దినచర్య తెలియని చికిత్స

శ్వేతజాతీయులతో పోల్చితే భారతీయుల్లో చర్మ క్యాన్సర్ తక్కువ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకోవడమే దీనికి ముఖ్య కారణం. అయితే ఆ రక్షణ సంపూర్ణమైనది కాదు, పైగా ఆ జబ్బు నల్లనివారికి రాదన్న ధీమా రోగిలోనే కాక ఒక్కోసారి వైద్యునిలోనూ పాతుకుపోవడం వల్ల, తొలినాళ్లలో చిన్న కోతతో పోవలసిన పుండు ఏళ్ల తరబడి ముఖం మీదే ఉండిపోతుంది.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా విస్తరించిన కాలనీల్లో ఇటువంటి పుండుతో వచ్చే వృద్ధులు ప్రధానంగా రెండు రకాలవారు: ఉద్యోగకాలమంతా ఎండన తిరిగి పింఛనుతో స్థిరపడినవారు ఒకరైతే, నల్లగొండ వైపు ఊళ్లలో వ్యవసాయం మానుకొని కొడుకుల ఇళ్లకు చేరినవారు మరొకరు. వీరిలో ముక్కు మీద, కంటి లోపలి మూలన తరచు కనిపించేది బేసల్ సెల్ కార్సినోమా, అంటే పైచర్మపు అట్టడుగు పొరలోని కణాల నుంచి పుట్టే క్యాన్సర్. ఇది ఇతర అవయవాలకు పాకడం మిక్కిలి అరుదు, కాని ఉన్నచోటనే నెమ్మదిగా చర్మాన్ని, మృదులాస్థిని, చివరకు ఎముకను సైతం తినివేస్తుంది. నల్లని చర్మంలో ఇది తానూ నల్లగానే ఉండడంతో పులిపిరి అనో పుట్టుమచ్చ అనో భావించి సున్నం పెట్టేవారూ, వెంట్రుక ముడివేసేవారూ నేటికీ ఉన్నారు. నొప్పి లేదు, పక్కు కట్టి మానినట్టే మాని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నప్పుడు ఆ పక్కు ఊడి నాలుగు చుక్కల రక్తం కనిపిస్తుంది, అంతే. మనుమరాలి పెళ్లి అయ్యాక చూద్దామని వాయిదా వేయడానికి ఇంతకన్న అనువైన జబ్బు ఉండదు.

ముక్క తీసి పరీక్షించి నిర్ధారించాక, అంచులు స్పష్టంగా ఉన్న చిన్న పుండునైతే చుట్టూ సుమారు 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి కోసి కుట్టివేస్తారు. ముక్కు కొన దాకా పోయినప్పుడు మాత్రం ఆ ఖాళీని నుదుటి చర్మంతో పూడ్చవలసి వస్తుంది. పుణే ప్రాంతంలో ఈ పద్ధతిన ముక్కును పునర్నిర్మించిన వృత్తాంతాన్ని 1794లో లండన్ పత్రిక జెంటిల్మన్స్ మ్యాగజైన్ ప్రచురించగా, దాని ఆధారంగా జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు 1814లో లండన్‌లో దానిని అమలు చేశాడు. కనుబొమ మొదట్లో ఉండే రక్తనాళం తెగకుండా నుదుటి చర్మాన్ని కాడతో సహా మలిచి ముక్కుకు అతికిస్తారు. కొత్తచోట రక్తప్రసరణ కుదురుకొనే దాకా, అంటే సుమారు మూడు వారాలు, ఆ కాడ నుదుటికీ ముక్కుకూ మధ్య వేలాడుతూనే ఉంటుంది.

వైద్య గ్రంథాల్లో ఒక్క వాక్యంతో ముగిసే ఈ మూడు వారాలే వృద్ధునికి అసలు చికిత్స. కాడ మీద ఒత్తిడి పడరాదు గనుక కళ్లజోడు పెట్టుకోరాదు, అంటే పొద్దున పత్రిక చదవడం పోయి భూతద్దంతో శీర్షికలు చూసుకోవడమే మిగులుతుంది. నుదుట విభూతి లేదు, వంగి చేసే పూజ లేదు, తలగడలు ఎత్తుగా వేసుకొని వెల్లకిలా పడుకోవాలి. రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారికి కాడ అడుగున రక్తపు చెమ్మ ఊరుతూ కట్టు తడుస్తుంది. సరూర్‌నగర్ చెరువు వైపు రోజూ నడకకు వెళ్లే మనిషి, తోటివారి చూపులకు జంకి గడప దాటడు. శస్త్రచికిత్స నవంబరులో పడితే మరో చిక్కు: పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రానికి 2021లో వచ్చిన ముఖ గుర్తింపు పద్ధతికి కట్టుతో ఉన్న ముఖం అడ్డు రావచ్చు, అప్పుడు వేలిముద్రను ఆశ్రయించాలి. ఇది హాస్యానికి చెప్పినది కాదు. పింఛను ఆగుతుందన్న భయంతో చికిత్సనే వాయిదా వేసే వృద్ధునికి ఆ ఒక్క మాట ముందుగా చెప్పడం వైద్యంలో భాగమే.

కోతకు గుండె తట్టుకోదనుకున్నవారికి రేడియేషన్, జనవ్యవహారంలో కరెంటు పెట్టడం, మేలైన ప్రత్యామ్నాయం. ఇది సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. ఒక్కో పూట కిరణాలు పడేది కొద్ది నిమిషాలే అయినా, దాని కోసం పోయిరావడం మాత్రం పూటంతా పడుతుంది. 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో ఉండగా, 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడంతో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కినవారు రైలు మారకుండా లక్డీకాపూల్‌లో దిగగలుగుతున్నారు. మోకాళ్లు సహకరించి వెంట ఒకరు ఉన్నవారికి ఇది సాధ్యమే. ఒంటరిగా ఉంటూ మంచాన ఉన్న భార్యకు మందులు వేయవలసిన వృద్ధునికి అన్ని వారాల ప్రయాణం కన్న ఒక్క శస్త్రచికిత్సే తేలిక. ఈ సంగతి స్కానింగులో తేలదు, అడిగితేనే తెలుస్తుంది. అందుచేత పుండు కొలతలకన్న ముందు ఇంట్లో ఎవరెవరున్నారు, పొద్దున లేచింది మొదలు ఏమేమి చేస్తారు అని విచారించే వైద్యుని నిర్ణయమే ఎక్కువసార్లు నిలుస్తుంది.

దినచర్యకు తగ్గట్టు చికిత్సను ఎంచుకొనే ఈ వెసులుబాటు అన్ని చర్మ క్యాన్సర్లకూ వర్తించదు. పాత కాలిన మచ్చల్లో లేచే స్క్వామస్ సెల్ కార్సినోమా గజ్జల గ్రంథులకో చంక గ్రంథులకో పాకవచ్చు. అరికాలిలోనో గోరు కిందనో వచ్చే మెలనోమాకు ఎండతో సంబంధం లేకపోగా, మధుమేహపు పుండుగా పొరబడి ఆలస్యమైతే ప్రాణాంతకమవుతుంది. వీటి విషయంలో దినచర్యే చికిత్సకు సర్దుకోవాలి.

ఒకసారి బేసల్ సెల్ కార్సినోమా వచ్చినవారికి మరొకటి రావడం అరుదు కాదు గనుక, నడకను ఎండ ముదరక ముందుకో పొద్దు వాలాకో మార్చుకోవడం, అంచున్న టోపీ పెట్టుకోవడంతో పాటు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చర్మమంతా చూపించుకోవాలి. బట్టతల వెనుక భాగం, చెవి వెనుక మడత సొంత కంటికి ఆనవు; క్షవరం చేసేవారు, తలకు నూనె రాసే కోడళ్లు కొత్త మచ్చ ఏదైనా కనబడితే చెప్పాలని ముందే అడిగి ఉంచుకోవడం మంచిది.