వంగతోటలో మేము చెప్పిన మాట

నల్లి అంటే మన హాస్టల్లో ఎవరికీ పరిచయం అక్కర్లేదు. మంచాలు ఎండలో వేసి దులిపిన చేతులే అందరివీ. మేము చెప్పబోయేది ఆ నల్లి గురించి కాదు, వంగతోటను పట్టే ఎర్రనల్లి గురించి. ఇది అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడు జాతికి చెందింది. ఆకు అడుగున బూజు అల్లి రసం పీలుస్తుంది.

వేసవి సెలవుల్లో మా రూమ్ వాళ్లం నలుగురం మాలో ఒకడి ఊరు వెళ్లాం. వాళ్ల నాన్న, మా అందరికీ బాబాయ్, అరెకరం కౌలుకు తీసుకుని వంగ వేశారు. ఆకులన్నీ తెల్లచుక్కలు పడి పాలిపోయాయి. కొట్టులో ఎటాక్సాజోల్ అనే మందు ఇచ్చారు. పంపు మేమే మోశాం. మూడోరోజు చూస్తే పెద్ద నల్లులు హాయిగా తిరుగుతున్నాయి. "బాబాయ్, ఇది నకిలీ మందు" అని బైపీసీ చదివే మేము గట్టిగా చెప్పేశాం. చదువుకున్న పిల్లలు కదా అని ఆయన నమ్మారు. మళ్లీ అప్పు తెచ్చి వేరే కొట్టులో సింథటిక్ పైరిత్రాయిడ్ కొన్నారు. అది చాలక గట్టు పక్క రెండు సాళ్లు మిగిలిపోయాయి.

పది రోజుల తర్వాత ఆ రెండు సాళ్లే చిగురించాయి. మిగతా తోటంతా బూజు కట్టింది.

కాలేజీ తెరిచాక జువాలజీ సార్‌ను అడిగాం. సార్ ముందు నవ్వారు, తర్వాత బోర్డు మీద బొమ్మ గీశారు. నల్లిపిల్ల పెద్దదయ్యేలోగా మూడుసార్లు కుబుసం విడుస్తుంది. కొత్త చర్మానికి కైటిన్ కావాలి. ఈ మందు ఆ కైటిన్ తయారీనే ఆపుతుంది. అందుకే గుడ్డులోంచి పిల్ల రాదు, వచ్చిన పిల్ల కుబుసం విడవలేక చస్తుంది. పెద్దదానికి ఇక కుబుసంతో పనిలేదు కాబట్టి బతికే ఉంటుంది. కానీ అది పెట్టే గుడ్లు చాలావరకు వృథా. వారం పది రోజులు ఓపిక పడితే చాలు, మేము మూడు రోజులు కూడా ఆగలేదు. రెండో మందేమో నల్లిని తినే మిత్రపురుగులను చంపింది.

అలాగని ఎటాక్సాజోల్‌నే పదేపదే కొట్టకూడదట. జన్యువులో ఒక్క మార్పుతోనే నల్లి దాన్ని తట్టుకోగలదని 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు.

దసరాకు వెళ్లి బాబాయ్‌తో అంతా చెప్పేశాం. చాలాసేపు మాట్లాడలేదు. "ఆ మొదటి కొట్టతన్ని నలుగురిలో తిట్టాను బాబూ" అని లేచి చొక్కా వేసుకున్నారు. మేమూ వెనకాలే నడిచాం.